దీపం ఆర్పమన్నారు

ఎండ గుడి మెట్ల మీదికి ఎక్కింది గానీ కాశప్ప ఇంకా రాలేదు. ఊరి పెద్ద కదా, మనుషులను ఎండలో కాయించడం కూడా పెద్దరికంలో ఒక భాగమే అనుకుంటాడు. పత్తి ట్రాక్టరు వెంట ఆదోని మార్కెట్ యార్డుకు పోయాడంట, తాను తిరిగొచ్చేదాకా ఈరన్నస్వామి గుడి ముందర కూర్చోమని మాట పంపాడు, కూర్చున్నాం, నేనూ నా కొడుకు కూతురు శోభా. ఆయన వచ్చాక ఈ పిల్ల లోపలికి పోవాలంట, స్వామి ముందర వెలిగే దీపం కాడ నిలబడి, కాశప్ప మేనల్లుడు మంజునాథ్ నన్ను పట్టి లాగింది నిజం, అబద్ధమైతే నా ఇల్లు ఇట్లే ఆరిపోనీ అని చెప్పి చేత్తో దీపం ఆర్పాలంట. ఆర్పితే నమ్ముతారంట. ఆర్పకపోతే అబద్ధాలకోరు అని తీర్మానం చేసి, వాని తల్లి ముందర దీనితో తప్పయిందని చెప్పిస్తారంట. చేసినవాడు ప్రమాణం చేయనక్కరలేదు, పడినదే చేయాలి. ఇదీ మా ఊరి న్యాయం, దీనికి మళ్లీ మీసాలొకటి.

చేస్తే పోలా, నిజం చెప్పేదానికి భయమేమి అని నిన్న రాత్రి దాకా నేనూ అనుకున్నాను. పొద్దున పొయ్యి కాడ రొట్టె తడుతుంటే శోభ లోపలికి రాకుండా గడప అవతలే నిలబడి, అవ్వా, ముట్టైనాను అంది. రొట్టె చేతిలోనే చీలిపోయింది. ముట్టైన పిల్ల గుడి మెట్టు ఎక్కకూడదు. ఎక్కలేదంటే ప్రమాణం లేదు, చూడండప్పా, స్వామే అడ్డం పడ్డాడు, అబద్ధం కాబట్టే రానియ్యలేదు అంటారు, అనకుండా ఉండే నోరు ఈ ఊరిలో ఒక్కటీ లేదు. పోనీ దాచిపెట్టి ఎక్కిస్తే? ఎవరికి తెలుస్తుంది? స్వామికి తెలుస్తుంది, నాకు తెలుస్తుంది. ఇంత వయసొచ్చింది, ఇంతకాలం ఆ రోజులొస్తే మూల కూర్చున్నదాన్ని, వేరే గిన్నె, వేరే చాప, పసిపిల్ల ఏడ్చినా ఎత్తుకోని దాన్ని, ఈ పొద్దు మనుమరాలిని అట్లే లోపలికి పంపి ఆ ఉగ్రమూర్తి కళ్లలోకి ఎట్లా చూసేది. మెట్టు మీద కూర్చోమే అంటే అది కూర్చోలేదు, కింద మట్టిలో కూర్చుంది. పోయేవాళ్లు చూస్తున్నారు. మెట్టు వదిలి మట్టిలో ఎందుకు కూర్చుంది అని ఎవతెకో ఒకతెకు తట్టనే తడుతుంది.

కొట్టంలో ఏం జరిగిందని పంచాయితీలో ఒక్కడూ పూర్తిగా అడగలేదు. లాగినాడా లేదా, అవునా కాదా, అంతే, సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు. కాశప్ప చేనిలో తొలి కాపు పత్తి. తీసిన పత్తిని సాయంత్రం కొట్టంలో బోరెంలకు నింపుతారు. బోరెం అంటే మనిషెత్తు గోనె, దాన్ని దూలానికి వేలాడదీసి, ఒళ్లు తేలికైన ఆడపిల్లను అందులోకి దించి పత్తి తొక్కిస్తారు, తొక్కే కొద్దీ పిల్ల పైకి వస్తుంది. ఆ పొద్దు దీన్ని దించారు. కడమ కూలోళ్లు ఆటో ఎక్కి వెళ్లిపోయారు. చంకల దాకా పత్తిలో ఉంది, కాలు ఆడదు, చెయ్యి ఆడదు, అప్పుడొచ్చాడు కాశప్ప చెల్లెలి కొడుకు మంజునాథ్. తలుపు మూశాడు. నోరు మూయబోయిన చేతిని ఇది కండ ఊడేట్టు కరిచింది. ఆ పెనుగులాటలో తాడు తెగి బోరెం కింద పడింది, పత్తితో పాటు ఇదీ దొర్లింది, లేచి వెనక తడిక తోసుకుని కంపచెట్లలో పడి పరిగెత్తుకొచ్చింది. ఇంటికొచ్చేసరికి తలనిండా పత్తి, కాళ్లనిండా ముళ్లు. దీపం కింద కూర్చోబెట్టుకుని ముళ్లు తీశాను, ఏమీ అడగలేదు, అడగకుండానే తెలిసింది. తెల్లారి నేనే పోయి కాశప్ప ఇంటి ముందర నిలబడి అరిచాను, అరిస్తే బయటికొచ్చిన కాశప్ప ఏమన్నాడు? వాడు కంకణం కట్టుకున్నాడు తిమ్మక్కా, దేవరగట్టుకు దీక్షలో ఉండాడు, చెప్పులు ల్యా, మందు ల్యా, మాంసం ల్యా, కట్టుకున్న పెండ్లాన్ని కూడా తాకని దీక్ష అది, వాడు నీ పిల్లను తాకుతాడా అన్నాడు. నిజమే, దసరాకు ముందు మా ఊరిలో కొందరు మగవాళ్లు అట్లా ఉంటారు, చేతికి పసుపు గుడ్డ కట్టుకుని ఉత్త కాళ్లతో తిరుగుతారు. ఆ పసుపు గుడ్డ ఒకటి చాలు, వాడు పూజారి అయిపోతాడు, మిగిలిన లోకమంతా అబద్ధమైపోతుంది. మరి చేతి మీద ఆ గాటేందప్పా అంటే కుక్క కరిచిందన్నాడు వాడు. కుక్కంట! ఏ కుక్కప్పా, నల్లదా ఎర్రదా, కుక్క కరిస్తే సూదులేసుకోల్ల గదా, ఎమ్మిగనూరు ఆసుపత్రికి ఎందుకు పోలేదు, కుక్కకు అన్ని చిన్న చిన్న పళ్లుంటాయా అని నేనడిగితే నలుగురు నవ్వారు. నవ్వారు గానీ నమ్మలేదు. నవ్వడం వేరు, నమ్మడం వేరు, ఆ సంగతి ఈ వయసులో కూడా నాకు కొత్తగా తెలిసింది.

లోపల నరసన్న దీపపు కుందిని చింతపండేసి తోముతున్నాడు. పూజారి నరసన్న మంచోడే, అందుకే ఎవరికీ పనికిరాడు. తోముతూ తోముతూ నా వైపు చూసి తల దించుకున్నాడు. ఆ కుంది తళతళ నాకు తెలుసు. దాన్ని నేను నా చిన్నప్పుడు ఇదే మెట్టు మీద కూర్చుని చూశాను, అప్పుడు లోపలికి పోయింది మా అక్క మద్దమ్మ. అప్పుడు నరసన్న తాత పూజారి. బావి కాడ మా అక్కను లాగినవాడు వేరే, పెద్దరికం చేసినవాడు వేరే, అందరూ చచ్చి మట్టిలో కలిశారు, మాట మాత్రం అదే మాట, నిజమైతే దీపమార్పు. మా అక్క దెయ్యంలాంటి ధైర్యం కలది, తలార పోసుకుని, తడి బట్టతో పోయి, గట్టిగా ఊరంతా వినేట్టు చెప్పి, ఒక్క విసురుతో ఆర్పింది. గెలిచింది అనుకున్నాం. మా నాయన ఆ పూట బెల్లం పంచాడు. ఆర్పడంతో అయిపోదని అప్పుడు మాకు తెలియదు, ఆ తర్వాత అమాస దాకా ఊరు కాచుకుని చూస్తుంది, ప్రమాణం చేసిన ఇంట్లో కీడు జరిగితే అది అబద్ధపు ప్రమాణం అన్నట్టు. ఆ లోపలే గడ్డివాము కాడ మా ఎనుమును పాము కరిచింది. పాలిచ్చే ఎనుము. దాని కోసం ఏడవాల్నా అక్క కోసం ఏడవాల్నా అని మా అమ్మ గుంజ పట్టుకుని నిలబడింది. అబద్ధాల మద్దమ్మ అన్నారు, ఇంటి దీపం ఆర్పుకున్నది అన్నారు, సంబంధాలు రాలేదు, ఒక ఏడు, రెండేళ్లు. ఆఖరికి దేవునికి ఇచ్చేశారు, బసివిని చేశారు, మెడలో పూసలు కట్టి, ఏ మగవానికీ పెళ్లాం కాకుండా అందరికీ అలుసైపోయే బతుకు కట్టబెట్టి, దానికి దేవుని పేరు పెట్టారు. బావి కాడ లాగినవాడు కూడా వచ్చి ఆ పొద్దు అన్నం తిని పోయాడు. వాని ఇంట్లో ఆ ఏడే రెండెద్దులు చచ్చాయి. వాటికి గాలి సోకిందన్నారు.

ఇప్పుడు కూర్చుని తలచుకుంటుంటే ఒళ్లు మండుతోంది, ఎండకు కాదు. మాలాంటి ఇంట్లో ఒక అమాస నుంచి ఇంకో అమాసకు ఏదో ఒకటి చావకుండా ఉంటుందా? మేక చస్తుంది, కోడి చస్తుంది, చేను ఎండుతుంది, పసిబిడ్డకు జ్వరమొస్తుంది, గోడ కూలుతుంది. ఈ ఏడు వాన ఎగ్గొట్టింది కాబట్టే కదా నా కొడుకూ కోడలూ దసరా కూడా చూడకుండా సుగ్గికని వలస కూలికి పోయింది, గుంటూరు దిక్కు పత్తి చేలలోకి, పిల్లను నా ఒడిలో పడేసి. వాళ్లు ఆ లారీలో పోయి రావడమే ఒక గండం. లేనోని ఇంటి మీద పందెం కాసి కాచుకుని కూర్చుంటే ఎప్పుడైనా గెలుపే. ఉన్నోని ఇంట్లో చస్తే వైద్యుడొస్తాడు, లేనోని ఇంట్లో చస్తే దేవుడొస్తాడు. ఈ చిన్న లెక్క మా నాయనకు తట్టలేదు, నాకు ఇన్నేళ్లకు, ఈ మెట్టు మీద పిర్రలు కాలేదాకా తట్టలేదు. శోభ లోపలికి పోయినా ఓడిపోతుంది. పోకపోయినా ఓడిపోతుంది. ముట్టు ఒక సాకు. ముట్టు లేకపోతే మేక.

మేక అంటే గుర్తొచ్చింది, ఇంటి కాడ చూలు మేక ఉంది, ఈ పదిరోజుల్లో ఈనాలి. ఛీ.

ఆటో ఒకటి రోడ్డు మీద ఆగి కూలి ఆడోళ్లను దించింది. గంపలు నెత్తిన పెట్టుకుని గుడి ముందరి నుంచే పోతున్నారు, పోతూ పోతూ మా వైపు ఒక చూపు. జాలి కూడా ఉంది ఆ చూపులో, లేదని చెప్పను, అయితే దొంగ జాలి, మన ఇంట్లో కాదులే అనే జాలి. వీళ్లే కదా ఆ పొద్దు దాన్ని బోరెంలో వదిలేసి ఆటో ఎక్కింది. ఆటోవాడు ఆగడు, వాళ్లేం చేస్తారు అంటాను ఒకసారి, ఎందుకు చేయరే, ఒక్కతె ఆగలేకపోయిందా అంటాను ఇంకోసారి. పొద్దు పొడవకముందు కంపచెట్ల కాడికి పోయేటప్పుడు గుంపుగా పోతాం కదా, చెంబులు పట్టుకుని, ఒకతె కూర్చుంటే ఒకతె కావలి, ఎన్ని ఏళ్లుగా ఒకరికొకరం కావలి కాసుకుంటున్నాం, మగవాడెవడైనా ఆ దిక్కు వస్తే దగ్గుతాం, రాయి విసురుతాం. ఆ ఒక్క పనికి మాత్రం మాకు ఐకమత్యం. ఆ పాటి కావలి పగటి పూట, పని కాడ, పంచాయితీ కాడ ఎందుకు కాయలేమో ఈరన్నకే తెలియాలి.

బడిలో ఒకసారి మీటింగు పెట్టారు, ఆఫీసరమ్మ ఒకామె కారులో వచ్చింది, మైకులో చాలా బాగా మాట్లాడింది. ఆడపిల్లలు ఒంటరిగా పోకూడదు, చీకట్లో తిరగకూడదు, కొత్తవాళ్లతో మాట్లాడకూడదు, ఫోనులో ఏదో నొక్కితే పోలీసులొస్తారు. శోభ అన్నీ రాసుకుంది పాపం. ఇది పోయింది పట్టపగలు, నలుగురితో కలిసి, తెలిసినవాళ్ల చేనికి, ఫోను ఇంట్లో నా తలగడ కింద. ఆ మీటింగుకు మగపిల్లలను రానియ్యలేదు, వాళ్లను ఆడుకోను పంపించారు. నేను ఎనకాల కూర్చుని అడిగాను, అమ్మా, ఆ ఆడుకునేవాళ్లకు కూడా ఒక మాట సెప్పరాదా, చేతులు యాడ పెట్టుకోవాల్నో అని. ఆమె నవ్వింది, అవ్వ హుషారుగా ఉంది అంది, కారెక్కి పోయింది. గొర్రెలకు ఎట్లా నడవాలో చెప్పి తోడేలును మేపుకు వదిలినట్టుంది అనుకున్నా. ఆ పొద్దు పిల్లల మధ్య ఆడుతున్నవాళ్లలో ఈ మంజునాథ్ లేడు, వాడు పెద్దోడు, కాని వాడు కూడా ఒకప్పుడు అట్లే ఆడుకోను పంపించిన పిల్లోడే కదా. అక్క గిన్నె కడగాలి, వీడు తినాలి. చెల్లెలు బడి మానాలి, వీడు బండి కొనిపించుకోవాలి. కొడితే మగపిల్లోడు కదా, తిడితే మగపిల్లోడు కదా అంటారు. పెంచింది ఊరు, పంట కోస్తున్నది నా మనుమరాలు.

కొడుకు ఉచ్చీరప్ప నిన్న ఫోను చేశాడు. చేలో నుంచి చేశాడు, గాలికి మాట సగం వినబడలేదు, వినబడిన సగమే ఎక్కువైంది. అమ్మా, పెద్దోళ్లతో మనకెందుకు, కాలేజీ మాన్పించు, ఎమ్మిగనూరులో మా మేనత్త మనుమడుండాడు, వచ్చే మాఘంలో ముడి పెట్టేద్దాం అన్నాడు. ఒరే, దానికి పదహారేళ్లురా అన్నాను. నువ్వు పద్నాలుగుకే వచ్చినావు గదా అన్నాడు. వచ్చినాను, అందుకే సెప్తాండా అన్నాను. కోడలు వెనక నుంచి ఏడుస్తోంది, ఏడుస్తూనే, అత్తా, దాన్ని బయటికి పంపొద్దు అంటోంది. తప్పు చేసినవాడు బండి మీద తిరుగుతున్నాడు, పడిన పిల్లకు ఇల్లే జైలు, చదువుకు ఉరి, పెళ్లే శిక్ష. తండ్రి ప్రేమ కూడా తిరిగి తిరిగి కాశప్ప తీర్పు దగ్గరికే వచ్చింది. వాడు చెడ్డవాడు కాదు, నా కొడుకు. అదే భయం నాకు. చెడ్డవాళ్లు ఊరికి నలుగురుంటారు, ఆ నలుగురినీ కాపాడేది మంచోళ్ల భయమే.

"ఏమ్మే తిమ్మక్కా, ఇంకా ఈడే ఉండావా? సిగ్గుపడి పోయింటావనుకుంటి."

ఈరమ్మ వచ్చింది, మంజునాథ్ తల్లి, పట్టు అంచు చీర కట్టుకుని, పెళ్లికి వచ్చినట్టు. వెనకాల కొడుకు, ఉత్త కాళ్లతో, చేతికి పసుపు గుడ్డ, గాటు మీద ఇంకో పసుపు గుడ్డ.

"సిగ్గు నీ కాడ మిగిలింటే కొంచెం అప్పివ్వు ఈరమ్మా, వాడుకుని ఇచ్చేస్తా" అన్నాను.

"నోరు సూడు దీనికి. ఆ నోరే పిల్లకు నేర్పినావు."

"నోరే గదమ్మా నేర్పింది, పళ్లు దానంతట అవే వచ్చినాయి. అడుగు నీ కొడుకును."

మంజునాథ్ నేల చూశాడు. ఈరమ్మ మెట్టు మీద చీర దులుపుకుని కూర్చుంది. ఆమె కూడా ఒకప్పుడు మా పక్కింటికి కోడలుగా వచ్చింది, మొగుడు తాగొచ్చి కొడితే మా దొడ్డి గోడ దూకి మా పొయ్యి వెనక దాక్కుంది, నేనే పసుపు అద్దాను వీపుకు. ఆ వీపు మరిచిపోయింది. ఆడదానికి దెబ్బ మరుపు ఎట్లా వస్తుందో, కొడుకు పుడితే వస్తుందేమో. శోభ తల ఎత్తలేదు. మట్టిలో పుల్లతో గీతలు గీస్తోంది, చెరుపుతోంది. దాని కడుపు నొస్తోందని నాకు తెలుసు, మొదటి రోజు దానికి బాగా నొస్తుంది, వాము నీళ్లు కాచి ఇవ్వాల్సినదాన్ని, ఎండలో కూర్చోబెట్టాను.

నెత్తురు సంగతే ఆలోచిస్తున్నాను. దేవరగట్టులో దసరా రోజు మగవాళ్లు కట్టెలతో తలలు పగలగొట్టుకుంటారు, ముఖాల నిండా నెత్తురు కారుతుంటే పసుపు పూసుకుని మళ్లీ పోతారు, అది భక్తి. నా మొగుడు ఒక ఏడు అట్లే తల పగిలి ఇంటికొచ్చాడు, ఊరంతా వచ్చి చూసి మొక్కారు, ఆ నెత్తుటి గుడ్డను నేను ఉతకబోతే మా అత్త చేయి పట్టుకుని ఉతకొద్దే, దేవుని సొత్తు అంది. అదే అత్త, నెల తిరిగి నేను మూల కూర్చుంటే, నా నీడ పడిందని జొన్నలు మళ్లీ కడిగించింది. మగవాడు పగలగొట్టుకుంటే వచ్చే నెత్తురు దేవునికి ఇష్టం, ఎవరినీ కొట్టకుండా దానంతట అది వచ్చే నెత్తురు మైల. ఆ నెత్తుటిలోంచే కదప్పా ఈ కట్టెలు పట్టుకున్నోళ్లందరూ ఊడిపడింది. ఈరన్నా, నరసింహుడవు నువ్వు, పేగులు మెడలో వేసుకున్న దేవునివి, నీకు నెత్తురంటే అసహ్యమని ఎవరు చెప్పారు? నువ్వు చెప్పావా, వీళ్లు చెప్పారా? ఒక పసిపిల్లోని మాట నమ్మి కంబం చీల్చుకుని వచ్చినవానివంట. ప్రమాణం చేయమన్నావా ఆ పిల్లోన్ని? తడి బట్ట కట్టుకుని రమ్మన్నావా? అమాస దాకా వాని ఇంట్లో మేక చస్తుందేమో చూసి వస్తానన్నావా? అడిగాను, లోపలే అడిగాను, అడిగాక భయం వేసి చెంపలు వేసుకున్నాను. భయం పోలేదు. పోదు. ఇన్నేళ్ల భయం ఒక్క ఎండకు ఎండిపోతుందా. అయినా అడిగేశాను.

కారు చప్పుడు. కాశప్ప దిగాడు, తెల్ల చొక్కా మీద అక్కడక్కడ పత్తి నూగు, వెనకాల నలుగురు. కూలి ఆడోళ్లు కూడా వెళ్లినట్టే వెళ్లి తిరిగొచ్చారు, వేప నీడన నిలబడ్డారు. నరసన్న కుందిలో నూనె పోసి వత్తి వెలిగించాడు.

"ఆలస్యమాయె. యార్డులో ఒకటే లారీలు. ఊఁ, కానీయండి" అన్నాడు కాశప్ప. "పాపా, లే. లోపలికి పా."

శోభ లేవలేదు. నేనూ లేవలేదు. ఆ కాస్తలోనే ఈరమ్మ కళ్లు దాని మీద, మట్టి మీద, మెట్టు మీద తిరిగాయి. ఆడది కదా, తట్టింది.

"అన్నా, ఇది మెట్టు మీద కూర్చోకుండా కింద ఎందుకు కూర్చుందో అడుగు. ఇది బయట ఉన్నట్టుంది."

"అవునా తిమ్మక్కా?"

దాచడమా చెప్పడమా అని పొద్దున నుంచి చేసిన ఆలోచనంతా ఎటు పోయిందో. నేను నోరు తెరిచేలోపలే కాశప్ప చెయ్యి ఊపాడు, ఈగను తోలినట్టు. "ఈరమ్మా, పక్కకు పిలుచుకపోయి సూసి రా."

ఈరమ్మ లేచి వచ్చి శోభ రెట్ట పట్టుకుంది.

ఆ రెట్టే. బోరెంలో నుంచి లాగిన రెట్ట, ఇంకా కమిలి ఉంది. నాకు వయసులో ఉన్నప్పటి వేగం ఎక్కడ నుంచి వచ్చిందో, ఈరమ్మ చేతిని ఒక్క దెబ్బ కొట్టాను, గాజులు చిట్లాయి.

"చెయ్యి తీయ్. కొడుకు పట్టింది సాలక తల్లి పట్టబట్టెనా? ముట్టైంది, అవును, ముట్టైంది, ఊరంతా వినండి. నేను దాచల్యా. ఇంక దీన్ని ఎవరూ సూడబన్లేదు."

గుంపులో గుసగుస. కాశప్ప నవ్వాడు, పెద్దగా ఏం కాదు, గెలిచినవాడు నవ్వే నవ్వు. "సూసినారా. స్వామే ఆపినాడు. నేను సెప్పలే? మన చేతిలో ఏముంది."

"స్వామి ఆపినాడో లేదో నాకు తెలవదు కాశప్పా. నేను ఆపుతాండాను. ముట్టు ల్యాకపోయినా నా మనుమరాలు దీపమార్పదు. ఈ పొద్దూ ఆర్పదు, దసరా అయినాకా ఆర్పదు. మా అక్కతో ఆర్పించినారు. ఒక ఇంటికి ఒకటి సాలు."

"ఆర్పకపోతే అబద్ధమని ఒప్పుకున్నట్టేనే!"

"నువ్వు ఒప్పుకో, నాకేమి."

"ముట్టైంది సరే అన్నా" అని వెనకాల ఒకడు, "మైలతో గుడి ముందర కూర్చుంది గదా, దానికి తప్పు కట్టాల్సిందే..."

అప్పుడు శోభ లేచింది. పరికిణీకి అంటిన మట్టి దులుపుకోలేదు. గుడి వైపు చూడలేదు, కాశప్ప వైపు చూడలేదు, వేప నీడన నిలబడిన కూలి ఆడోళ్ల వైపు తిరిగింది. గొంతు చిన్నది, బడిలో పాఠం ఒప్పజెప్పినట్టు వచ్చింది మాట, ఒకే తీరుగా.

"నేను బోరెంలో ఉంటి. మీరు పోతిరి. ఆయప్ప వచ్చి తలుపు మూసె. నేను అరిస్తి. పత్తి నోట్లోకి పోయె. నోరు మూసే చేయిని కరిస్తి. ఈ రెట్ట పట్టి ఎత్తె, రయిక చినిగె. తాడు తెగితే పడితి. తడిక తోసి వచ్చేస్తి. నేను తడిక కాడ ఉండంగా ఒక మాటనె. పోయి సెప్పుకోవే, నిన్ను నమ్మేదెవరు అనె." ఇప్పుడు కాశప్ప వైపు తిరిగింది. "అన్నీ అబద్ధాలే సెప్పినాడు మామా మీకు. ఆ ఒక్కటి నిజమే సెప్పినాడు."

ఈరమ్మ చిట్లిన గాజులు ఏరుకుంటోంది, ఏరుకోవాల్సినన్ని లేవు. మంజునాథ్ ఉత్త కాళ్లు ఆ కాలే నేల మీద ఒకటి మార్చి ఒకటి ఎత్తుతున్నాడు. కూలి ఆడోళ్లలో ఒకతె, అవును, తలుపు మూసి ఉండె, నేను సద్ది గిన్నె మరిచి వెనక్కి పోయింటి, సూసింటి, అంది. పక్కనున్నామె దాని మోచేయి గిల్లింది. గాని అన్నదైతే అన్నది, నలుగురూ విన్నారు, దాన్ని మింగడం ఇంక ఎవరి వల్లా కాదు.

"ఊరి మాట ఊరు దాటితే మల్లా ఊర్లో బతకల్ల తిమ్మక్కా" అన్నాడు కాశప్ప, మెల్లగా. బెదిరింపు మెల్లగా చెప్పినప్పుడే అది బెదిరింపు.

"బతుకుతాములే అప్పా. ఇంతకాలం బతికింది మీ దయతోనా?"

శోభ అప్పటికే రోడ్డు వైపు నడుస్తోంది. నేను వెనకాల పరుగులాంటి నడక. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే బస్సు ఈ వేళప్పుడు ఉంటుంది, నిలబడి పోవాల్సి వస్తుంది, దానికి కడుపు నొస్తోంది, నాకు మోకాళ్లు, మధ్యలో కాశప్ప మనుషులు బండ్ల మీద వెంట వస్తారేమో, కొడుకు ఫోను చేసి తిడతాడు, కోడలు ఏడుస్తుంది, ఇంటి కాడ మేక ఒక్కతే ఉంది, ఈ అమాసకు ఏదైనా జరిగితే చూశారా అంటారు, అననీ, జరగకుండా ఉండే అమాస మా బతుకులో ఎప్పుడుంది. ఆదోని పోలీసు స్టేషనులో ఏమంటారో. కూర్చోమంటారో, రేపు రమ్మంటారో, ఊర్లోనే చూసుకోండి అవ్వా అంటారో. అంటే అక్కడ కూర్చుంటాను, మెట్ల మీద కూర్చోవడం అలవాటైంది. వాళ్లకు మొదటి నుంచి చెప్పాలి, మా అక్క మద్దమ్మ కాడ నుంచి, బావి కాడ నుంచి, ఎనుము కాడ నుంచి, దీక్ష సంగతి, కుక్క సంగతి, ఆఫీసరమ్మ సంగతి, అన్నీ వరసగా...

"అవ్వా."

"ఏమే?"

"ఇదంతా ఆడ మల్లా సెప్పాల్నా?"

"సెప్పాలమ్మీ. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు."

రోడ్డు మీద దుమ్ము లేచి దూరంగా బస్సు కనబడింది.

"సరే. నేనే సెప్తా. నువ్వు నడుమ మాట్లాడొద్దు."

నా బతుకులో నన్ను మాట్లాడొద్దన్నవాళ్లు చాలామంది ఉన్నారు, ఒక్కరి మాటా విన్నది లేదు.

"మాట్లాడనులే" అన్నాను. బస్సుకు చెయ్యెత్తాను.